ఆకుపచ్చ పైపు

ముద్ర నా సొరుగులో ఉండేది.
తాళంచెవి నా మెడలో.
కాబట్టి ఈ కథలో నేను ప్రేక్షకురాలిని కాను,
ముందే చెప్పేస్తున్నాను.

తొంభై మూడు జనవరి, బెలయా కుర్యా.
దేశం పేరు మారి ఏడాది దాటింది,
బాయిలర్ గది గోడ మీద పాత నినాదం అలాగే ఉంది.
మైనస్ ముప్ఫై ఎనిమిదిలో పెద్ద పైపు పగిలి
లెస్నయా వీధి అంతా గాజులా గడ్డకట్టింది.
మూడు రోజులు గుంతలోంచి పైకి రాలేదు
వలెంతీన్ సవ్విచ్ కుదీమోవ్, షిఫ్టు మేస్త్రీ.
నాలుగో రోజు వచ్చాడు.
కనుబొమ్మలు లేవు.
వెల్డింగు మంట తినేసింది.
ఆ రాత్రి మా అమ్మ రేడియేటర్‌ని కౌగిలించుకుని
పసిపిల్లని జోకొట్టినట్టు జోకొట్టింది.

ఆ ముఖానికే వేశాం ఓటు.
పోస్టరు మీద కూడా కనుబొమ్మలు సగమే మొలిచాయి.

ఫ్యాక్టరీ జీతాలకు బదులు గిన్నెలిచ్చిన రోజులు.
ఎనామిల్ గిన్నెలు, పక్కన ఎర్ర స్ట్రాబెర్రీ బొమ్మ.
నాకు ఆరు నెలలకి నూట పన్నెండు.
వండడానికేముందని అన్ని గిన్నెలు?
ఆయనే ఊరి గిన్నెలన్నీ లారీలకెత్తించి
పక్క జిల్లాలో బొగ్గుకి మార్చుకొచ్చాడు.
లెక్క నేనే రాశాను.
ఒక్క కిలో తేడా రాలేదు. ఒట్టు.

ఎక్కడ మొదలైందో నన్నడగకండి.
ప్రాసిక్యూటరూ అదే అడిగాడు, నీళ్ళు నమిలాను.
నక్కతోలు టోపీతోనా?
బావమరిది పేర పుట్టిన పైపుల కంపెనీతోనా?
“ఒసే రిమ్మా” అనడం మాని
“రిమ్మా ఇల్యీనిచ్న గారూ” అన్న రోజునా?

మూడో విడత పదవిలో
నాలుగు కిలోమీటర్ల కొత్త పైపు వచ్చింది, కాగితం మీద.
మట్టిలో ఉన్నది పాతదే.
మసి పూసి మారేడుకాయ చేయడానికి
మసి కూడా దొరకలేదేమో,
ఆకుపచ్చ పెయింటు పూశారు.
గుంత అంచున నిలబడి చూశాను,
తుప్పు మీద రంగు బుడగలు కట్టడం.
ఆఫీసుకొచ్చి సొరుగు తెరిచాను.
ముద్ర మీద నోటి ఆవిరి ఊది
(చలికి సిరా ఊరికే అంటుకోదు)
నొక్కాను:
పనులు పూర్తిగా, నాణ్యంగా జరిగినవి.
నాకు ముట్టింది మూడు ప్లాస్టిక్ కిటికీలు.
గాలి చొరదు. ఇప్పటికీ బాగున్నాయి.

ఆ ఫిబ్రవరిలో ప్రసూతి వార్డు చల్లబడింది.
పసివాళ్ళని వంటగదిలోకి మార్చారు, పొయ్యిల పక్కకి.
ఎవరూ చావలేదు.
ఈ మాట ఊళ్ళో అందరం
కొంచెం గట్టిగానే అంటుంటాం.

కోర్టు హాల్లో ఎవరూ కోట్లు విప్పలేదు.
ఊచల బోనులో ఆయన,
కనుబొమ్మలు గుబురుగా, తెల్లగా.
నేను అంకెలు చదువుతుంటే
ఆయన గోడకేసి చెవి ఒగ్గాడు.
గార్డుని పిలిచాడు:
“బాబూ, ఆ రేడియేటర్‌లో గాలి చిక్కుకుంది.
పైన కుడివైపు మర. పావు తిప్పు చాలు.
కింద గిన్నె పట్టు.”
జడ్జి కలం ఆపింది.
కుర్రాడు తిప్పాడు.
బుస్సుమంది, దగ్గింది, నల్లనీళ్ళు కక్కింది.
గిన్నె ఎవరో తెచ్చారు, స్ట్రాబెర్రీ బొమ్మదే.
పది నిమిషాలకి జడ్జి మఫ్లరు వదులు చేసుకుంది.
ఏడేళ్ళు వేసింది.

మెట్ల మీద ఒక ముసలామె ఉమ్మింది,
ఆయన వ్యాను వైపో, నా వైపో తెలియలేదు.
నాకూ రెండేళ్ళు పడ్డాయి.
జైలు కూడా కాగితం మీదే.

కొత్త మేయరు చదువుకున్నవాడు, టై కడతాడు.
పైపు మాత్రం అదే.
రాత్రిళ్ళు గోడలో ఎవరో తట్టినట్టు టకటకమంటుంది,
లేచి పావు తిప్పుతాను.
నూట పన్నెండింట్లో మిగిలిన ఒక్క గిన్నె
అడుగున నల్లగా నిండుతుంది.
పారబోద్దామని కిటికీ దగ్గరికెళ్తాను.
ఎంత బిగుతుగా చేశారో,
ఒంటిచేత్తో తెరుచుకోదు.